గాలం తాడుకు అటువైపు

జ్యేష్ఠ పౌర్ణమి మర్నాడు

పొద్దున పోటు తగ్గుతుండగా, పాతకాలాల్లో మునిగిపోతున్నవాళ్లను లాగే మా గాలం ఒక ఆడమనిషిని పైకి తెచ్చింది. తొట్టిలోంచి లేపగానే ఉప్పునీళ్లు కక్కింది. ఊపిరి అందగానే అరిచింది. నా వయసే ఉంటుంది. మోచేతుల దాకా చేతులు ఊదారంగులో ఉన్నాయి. దెబ్బలనుకుని తుడిచాను, పోలేదు. పట్టుకు రంగులద్దే మనిషని తర్వాత తెలిసింది.

నా భర్త త్రినాథ్ తొట్టి గట్టున మోకాళ్ల మీద కూర్చుని ఆమెతో గ్రీకులో మాట్లాడాడు. దుబాసీ మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: "నీళ్లలో నీ పక్కన ఎవరైనా ఉన్నారా?" ఆమె గబగబా చాలాసేపు చెప్పింది. చేతులు ఊపింది. త్రినాథ్ నా వైపు తిరిగి, "ఎవరూ లేరట" అన్నాడు. రాసుకున్నాను.

ఈ ప్రశ్న మా ఎర్మయ్య వల్ల నియమమైంది. ఇప్పుడు మా కేంద్రంలో వంట చేసే ఎర్మయ్య అసలు పేరు హెర్మియాస్. తిబేరియస్ రోముకు చక్రవర్తిగా ఉన్న కాలంలో, అలెగ్జాండ్రియా నుంచి ద్రాక్షసారా జాడీలతో మన కళింగ తీరానికి వస్తూ మునిగిపోయిన ఓడలో సరంగు. గాలం తెచ్చిన మొదటి మనిషి. అతనితో పాటు అదే చెక్కను పట్టుకుని అతని తమ్ముడూ ఉన్నాడు. ఎర్మయ్య తొట్టిలో పడి ఆ మాటే అరుస్తున్నా ఎవరికీ అర్థం కాలేదు. మనిషి కుదుటపడ్డాడని వైద్యుడు చెప్పగానే, అతను వచ్చిన కాలానికి కట్టి ఉన్న గాలం తాడు తెంచేశారు. తెగిన తాడుతో అదే చోటికి మళ్లీ వెళ్లలేం.

కొత్తామె విషయంలో ఆ వైద్యురాలిని నేనే. శ్రావణం ఆఖరులోగా చెప్పాలి. కుదిరింది అంటే తాడు తెంచుతారు, ఆమె ఇక్కడి మనిషైపోతుంది. కుదరలేదు అంటే, అంటే ఆమె ఒంట్లో ఊరికి అంటుకునే రోగమేదైనా ఉంటే, తాడు వదులు చేస్తారు. వచ్చిన నీళ్లలోకే వెళ్లిపోతుంది.

పేరు కలి. వాళ్ల భాషలో అందగత్తె అని అర్థమట. త్రినాథ్ నాకీ సంగతి రెండుసార్లు చెప్పాడు. కలి అంటే నాకు తెలిసినవి రెండే: ఒకటి యుగం, రెండోది పులిసిన గంజి.

ఆషాఢ విదియ

నీళ్ల గొట్టంలో మళ్లీ జెల్లీ చేపలు ఇరుక్కున్నాయి. ఉప్పు తీసే యంత్రం సగమే నడుస్తోంది, మంచినీళ్లు మనిషికి రెండు చెంబులు. ఉదయమంతా కిటికీల మీద పేరుకున్న ఉప్పు గీకుతూ గడిచింది. అక్కడి నుంచి కలి గది కనిపిస్తుంది. త్రినాథ్ లోపలే ఉన్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను. "అంత నవ్వేమిటి?"

"ఏం లేదు, మాటల్లో వచ్చింది. తెలుగులో చెబితే నవ్వు రాదు."

"పోనీ, నవ్వు రానివి చెప్పు."

చెప్పాడు. వాళ్లది కాన్‌స్టాంటినోపుల్. భుజాల మీద శిలువ కుట్టుకున్న ఫ్రాంకులు జెరూసలేముకని బయలుదేరి, దారి మళ్లి వీళ్ల ఊరి మీదే పడ్డారు. నౌకల మీద నిచ్చెనలు కట్టి గోడలెక్కారు. రంగులబట్టీల వీధి తగలబడుతుంటే ఆమె చిన్న పడవెక్కింది. పడవ తిరగబడింది.

"ఇదంతా పుస్తకాల్లో ఉన్నదేగా," అన్నాను.

"పుస్తకాల్లో వాసన లేదు అపరంజీ. ఆ మంటల్లో కాలిన పట్టు, వెంట్రుకలు కాలినట్టు కంపు కొట్టిందట. ఆమె చెబుతుంటే నాకు వచ్చింది ఆ వాసన."

అతని కళ్లు మెరుస్తున్నాయి. నా గురించి ఎవరితోనైనా చెప్పేటప్పుడు ఆ కళ్లు అలా మెరుస్తాయా అనిపించింది. సాయంత్రం అతని వాటా నీళ్లు ఏమయ్యాయని అడిగితే, ఆమె తల కడుక్కుంటానంటే ఇచ్చానన్నాడు. నా జుట్టు ఉప్పుకు కొబ్బరి పీచులా ఉంది.

కలికి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. కారణం తెలియడం లేదు. నెత్తురులో ఏమీ కనబడలేదు.

ఆషాఢం, మొదటి ఆదివారం

త్రినాథ్ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

ఆషాఢ నవమి

ఇవాళ వంటింటికి వెళ్లాను. ఎర్మయ్య కానాగంత చేపలు శుభ్రం చేస్తున్నాడు.

"ఏటి డాక్టరమ్మా, ఇలగొచ్చినారు? ఆకలేస్తందా?"

"నాకు గ్రీకు నేర్పుతావా ఎర్మయ్యా?"

కత్తి పక్కన పెట్టి నా ముఖం చూశాడు. "బాబుని అడక్కుండా నన్నడుగుతున్నారేటి?"

"ఆయనకు తీరికలేదు."

"మరే. సూస్తన్నాను కదా," అన్నాడు. కాసేపు చేప పొట్టలో వేలు పెట్టి పేగులు లాగాడు. "నా మాటకీ ఆయమ్మ మాటకీ వెయ్యేళ్ల పైన తేడా ఉందమ్మా. ఆవిడ మాటాడతంటే నోట్లో ఇసకేసుకున్నట్టుంటాది. సగం నాకే తెల్దు. కానీ కొన్ని మాటలు మారవు. సముద్రం, థాలస్సా. ఊరు, పోలిస్. బతికున్నాడు, జీ. నాకు తెల్దు, ఉక్ ఈదా."

నేను ఒక్కొక్కటీ పలికాను. అతను పగలబడి నవ్వి, మళ్లీ పలికించాడు.

ఆషాఢ బహుళ తదియ

వాన. గాలికి కప్పు రేకు లేచిపోయింది. పడవలో కొత్త రేకు వచ్చేదాకా మందుల పెట్టెలు వంటింట్లోనే. అందువల్ల నాకు అక్కడ కూర్చోవడానికి సాకు దొరికింది.

ఎర్మయ్య పాఠానికి కథలు చెబుతాడు. అలెగ్జాండ్రియాలో నాటకాలు చూసేవాడట. ఇవాళ హెరక్లీస్ పెళ్లాం దెయానెయిర కథ. ఒకప్పుడు ఆమె మీద చెయ్యివేసిన సెంటారును, అంటే సగం గుర్రం సగం మనిషిని, మొగుడు బాణంతో కొట్టాడు. ఆ సెంటారు చచ్చిపోతూ, నా నెత్తురు దాచుకో, మీ ఆయన మరొకత్తెను మరిగితే పనికొస్తుంది, అని చెప్పింది. ఏళ్లు గడిచాక హెరక్లీస్ ఒక యుద్ధం గెలిచి ఈయోలె అనే పడుచుపిల్లను ఇంటికి తెచ్చాడు. దెయానెయిర ఆ నెత్తురు కొత్త చొక్కాకు రాసి పంపింది. మొగుడు తనకే దక్కాలని. అది విషం. చొక్కా ఒంటికి అంటుకుపోయి అతను మాంసం ఊడేలా కాలిపోయాడు.

"ఆమె ఏమైంది?"

"పొడుసుకుని సచ్చిపోయింది. జనాలేడ్సీవోరు. నాకైతే ఏడుపు రాలేదమ్మా, కోపమొచ్చీది. అనుమానముంటే మొగుణ్ణి పిలిసి అడగొచ్చు కదా? సొక్కాకి పుయ్యడమెందుకూ?"

అతను నన్ను చూడకుండా పొయ్యి ఊదాడు. నేను పళ్లెం కడగడానికి లేచాను.

ఆషాఢ బహుళ ఏకాదశి

కలి జ్వరం తగ్గడం లేదు. కేంద్రం అధికారి వార్త పంపించారు: కారణం తెలియని జ్వరంతో మనిషిని ఊళ్లోకి వదలలేం, కుదరలేదని రాయడానికి మీకు అభ్యంతరం ఏమిటి?

అభ్యంతరం ఏమిటా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఒక్క మాట రాస్తే చాలు. తప్పు కూడా కాదు. ఎవరూ వేలెత్తి చూపరు. త్రినాథ్ కొన్నాళ్లు ఏడుస్తాడు, తర్వాత మంచినీళ్లు నాకు మిగులుతాయి. ఇదంతా ఒక్క కొట్టివేత లేకుండా రాసేశాను. అందుకే భయం వేస్తోంది.

శ్రావణం, పాడ్యమి

ఇవాళ కలి గదికి మందు పట్టుకెళుతూ తలుపు దగ్గర ఆగాను. లోపల త్రినాథ్ మెల్లగా మాట్లాడుతున్నాడు. పోలిస్ అన్నాడు. నాకు తెలిసింది. ఆమె ఒక పేరు చెప్పింది, ప్రశ్నలా. "నికితాస్?"

"జీ," అన్నాడు త్రినాథ్. "నికితాస్ జీ."

నికితాస్ బతికున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. దణ్ణం పెట్టుకున్నట్టు వేళ్లు నుదుటికి, రొమ్ముకు తాకించుకుంది.

నేను మందు లోపల పెట్టి వచ్చేశాను. సాయంత్రం త్రినాథ్‌ను అడిగాను. "నికితాస్ ఎవరు?"

కూర కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నీకా పేరెలా తెలుసు?"

"ఎవరు?"

"ఆమె భర్త."

ఆమెకు భర్త ఉన్నాడు. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, అది దాచడానికి మంచినీళ్ల చెంబు ఎత్తుకుని తాగాను. "ఎక్కడున్నాడు?"

"ఒడ్డునే ఉండిపోయాడు. ఆమె ఒక్కతే పడవెక్కింది." తర్వాత త్రినాథ్ అన్నం తినలేదు.

ఫ్రాంకులు ఆ ఊరిని ఎలా దోచారో, ఎంతమందిని చంపారో నాకు తెలిసిన పుస్తకాల్లోనే ఉంది. ఒడ్డున మిగిలిన ఒక రంగులదాని మొగుడు బతికాడో లేదో త్రినాథ్‌కు ఎలా తెలుస్తుంది?

శ్రావణ విదియ

త్రినాథ్ గొట్టాలు చూడటానికి వెళ్లిన సమయం చూసి, ఎర్మయ్యను వెంటబెట్టుకుని కలి దగ్గరికి వెళ్లాను. ఆమెకు మొగుడున్న సంగతి నాకు తెలుసని ఆమెకు తెలియాలి, అంతే నా ఉద్దేశం. ఆమె ముఖం వాడిపోవడం చూడాలనిపించింది. వేరే మంచి ఉద్దేశం ఏమైనా ఉందని ఇక్కడ రాసుకోను.

"నికితాస్ ఎక్కడ?" అని నాకు వచ్చిన గ్రీకులో అడిగాను.

నా నోట ఆ పేరు విని ఆమె లేచి కూర్చుంది. నవ్వింది. ఎర్మయ్య వైపు చూసి నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. అతను విన్నాడు. రెండుసార్లు మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారి అతని పెదవులు తెల్లబడ్డాయి.

"ఏమంటోంది?"

"ఇంకో పడవోళ్లు ఆయన్ని పైకి లాగినారని బాబు సెప్పినారట. మీ పుస్తకాల్లో రాసుందట. ముసిలోడయ్యేదాకా బతికినాడని."

"లాగడమేమిటి? అతను ఒడ్డున కదా ఉన్నాడు?"

ఎర్మయ్య అడిగాడు. కలి కుడిచేత్తో తన ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుని చూపింది. తర్వాత ఆ చేతిని నీళ్లలోకి దించినట్టు కిందకు దించింది.

నాకు ఎవరూ తెలుగులో చెప్పనవసరం లేకపోయింది. పడవ తిరగబడినప్పుడు అతను ఆమెతోనే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. గాలం ఆమెను ఒక్కదాన్నే లాక్కొచ్చింది.

ఎర్మయ్య గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "తమ్ముడు నా పక్కనే ఉన్నాడని నేనరిసినప్పుడు ఎవులికీ అరదం కాలేదు డాక్టరమ్మా. ఈ తల్లి సెప్పింది బాబుకి అరదమయ్యింది."

అదే రోజు, మధ్యాహ్నం

త్రినాథ్‌ను గొట్టాల దగ్గరే పట్టుకున్నాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి జెల్లీ చేపలను గంపలోకి తోడుతున్నాడు.

"మొదటి రోజే చెప్పింది కదా?"

అతను గంప కింద పెట్టాడు. అబద్ధం ఆడడానికి కూడా ప్రయత్నించలేదు. "చెప్పింది."

"ఎవరూ లేరట అన్నావు. నాతో. నేను రాసుకున్నాను."

"చిన్నప్పటి నుంచి ఈ భాషే చదివాను. ఒక్కరితోనైనా నిండుగా మాట్లాడింది లేదు. ఎర్మయ్యతో చేపలు, తాళ్లు. ఈమె మొదటి రోజు తొట్టిలో నోరు తెరిచి నాతో మాట్లాడగానే, నాకు..." గంప అంచు పట్టుకున్నాడు. "అతను వస్తే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు అపరంజీ. నాతో మాట్లాడాల్సిన పనేముంటుంది?"

"మునిగిపోతున్న మనిషి మీద అసూయపడ్డావా?"

"అవును."

నేను అతన్ని కొట్టాలనుకున్నాను. కానీ అతని ముఖంలో ఉన్నది ఏమిటో నాకు బాగా తెలుసు. కిటికీ ఉప్పు గీకుతూ నేను అలాగే నిలబడ్డాను.

"ప్రేమించావా?"

అతను గంపలోకి చూశాడు. "ఆమె మాట్లాడేదాన్ని ప్రేమించాను. ఆమె వేరు, అది వేరు అని చెప్పుకుంటూ వచ్చాను."

కేంద్రం అధికారికి అన్నీ చెప్పేశాను, త్రినాథ్ చేసింది కూడా. తాడు ఇంకా తెగలేదు కనుక అదే చోటి నుంచి రెండో మనిషిని లాగవచ్చు. కానీ కలి మళ్లీ తొట్టిలోకి దిగి, ఆ చేతిని ఆ నీళ్లలోకే చాపాలి. అటువైపు నీళ్లు లాగుతాయి. జ్వరంతో ఉన్న మనిషి తట్టుకుంటుందా లేదా నేను చెప్పాలి. చేతిలో పట్టు జారితే ఆమె వెనక్కి పోతుంది, ఇక గాలానికి అందదు.

ఎర్మయ్య చేత ఆమెకు అన్నీ చెప్పించాను. ఊరు పడిపోయిందని, నికితాస్‌ను ఏ పడవా లాగలేదని, తాడు ఉంది కనుక ఆమె చెయ్యి చాపితే అతను ఇంకా అందవచ్చని. ఆమె ఏడవలేదు. త్రినాథ్ ఏడీ అని అడిగింది. తలుపు దగ్గర నిలబడ్డ అతని వైపు చూసి ఒకటే మాట అంది. ఎర్మయ్య దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు. త్రినాథ్ అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

తర్వాత ఆమె నన్ను చూసి లేచింది, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. ఎప్పుడు అని అడుగుతోందని నాకు తెలిసింది.

శ్రావణ తదియ

తట్టుకుంటుందని రాసిచ్చాను. పోటు తగ్గడం మొదలవగానే దిగాం. నేను ఆమె వెనక నిలబడి రెండు చేతులతో నడుము చుట్టి పట్టుకున్నాను. త్రినాథ్ తనే దిగుతానన్నాడు. గట్టు మీదే ఉండమన్నాను. గాలం వాళ్లు తాడు బిగించగానే తొట్టిలో నీళ్లు నల్లబడ్డాయి. చలి ఎముకల్లోకి దిగింది. కాలిన వెంట్రుకల కంపు వచ్చింది.

కలి చెయ్యి మోచేతి దాకా దించింది, ఆపై భుజం దాకా. నీళ్లు ఆమెను లాగాయి. ఆమెతో పాటు నేనూ జారాను. తొట్టి అడుగున కాళ్లు తన్నిపెట్టి ఆగాను.

అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. చేతులు కాస్త సడలిస్తే చాలు. నీళ్లు లాగేశాయంటే అందరూ నమ్ముతారు, త్రినాథ్ కూడా. ఇలాంటి ఆలోచన వచ్చినప్పుడు మనసు కొట్టుకుపోతుందని అనుకునేదాన్ని. అలా లేదు. నిదానంగా, స్పష్టంగా వచ్చింది.

"నికితా!" అని అరిచింది కలి. నీళ్లలోకి ముఖం పెట్టి మరీ అరిచింది. నా చేతుల మధ్య ఆమె ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. జ్వరం. నేను చూడవలసిన జ్వరం. నా రోగి. చేతులు ఇంకా బిగించాను. నా గోళ్లు ఆమె చర్మంలోకి దిగాయి.

ఆమె ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడింది. "ఎఖో! ఎఖో!" అంది. పట్టుకున్నాను, పట్టుకున్నాను. గాలం వాళ్లు లాగారు, నేను లాగాను. ముగ్గురం వెల్లకిలా తొట్టి గోడకు కొట్టుకున్నాం.

నికితాస్ పొట్టి మనిషి. బట్టతల. ముందు పన్ను ఒకటి లేదు. గట్టున బోర్లా పడి కడుపులో నీళ్లన్నీ కక్కాడు. కలి అతన్ని వీపు మీద గుద్దింది, ఒకటి కాదు. తిడుతూనే ఉంది. తిట్టడం ఆపి అతని ముఖాన్ని రెండు ఊదా చేతుల్లోకి తీసుకుని చూసింది. అతను తొట్టిని, మమ్మల్ని, కొత్త ఆకాశాన్ని ఏదీ చూడలేదు. ఆమెనే చూశాడు. ఏదో గొణిగాడు. ఆమె మళ్లీ గుద్దింది.

ఎర్మయ్య తొట్టి గట్టున తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

నేను మాత్రం వాళ్లిద్దరినీ చూస్తూనే ఉన్నాను. కలి వల్ల ఇన్నాళ్లూ పడిన అసూయ దీని ముందు చాలా చిన్నది. నా మొగుణ్ణి ఎవరో తీసుకుంటారేమో అన్న భయం అది. ఇది అలా కాదు. నన్ను ఎవరైనా ఎన్నడైనా అలా చూశారా అని.

శ్రావణ పౌర్ణమి

కలి జ్వరం పూర్తిగా తగ్గింది. ఎందుకు వచ్చిందో ఎందుకు పోయిందో వైద్యంగా రాయలేను. ఇద్దరికీ కుదిరిందని రాశాను. తాడు తెంచారు.

వాళ్లు ఊళ్లో రంగుల పని మొదలుపెడతారట. పొద్దున వంటింటి అరుగు మీద ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. నాకు సగం తెలిసింది. చేపలో ఉప్పెక్కువైందని అతను, ఉప్పు లేని సముద్రం చూపించమని ఆమె. నన్ను చూసి ఆమె చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆమె అంటే నాకు ఇష్టమని చెప్పలేను.

త్రినాథ్‌ను దుబాసీ పని నుంచి తీసేశారు. విచారణకు విశాఖ రమ్మన్నారు. మధ్యాహ్నం పడవకు వెళ్లాలి. నేను రేవు దాకా వెళ్లాను. గడ్డం పెరిగింది. సంచిలో పుస్తకాలేవీ పెట్టుకోలేదు.

"నీ మాట మీద నాతో అబద్ధం రాయించావు," అన్నాను. "అది ఎలా మర్చిపోను?"

"మర్చిపోమని అడగను." పడవవాడు పిలుస్తున్నాడు. అతను మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. "నేను తిరిగొస్తే... తలుపు తీస్తావా అపరంజీ?"

నా నోటికి తెలుగు రాలేదు. వంటింట్లో ఎర్మయ్య పొయ్యి ముందు కూర్చుని నేర్చుకున్న మాటే వచ్చింది.

"ఉక్ ఈదా."

నాకు తెలియదు. పెళ్లైన ఇన్నేళ్లలో నేను త్రినాథ్‌తో అతని భాషలో మాట్లాడిన మొదటి మాట అది. రెండువేల ఏళ్ల కిందటి సరంగు యాసలో పలికి ఉంటాను. అతను నోరు తెరిచి నన్ను చూశాడు. కళ్లు నిండాయి. తప్పు దిద్దలేదు. పడవ కదిలింది.